బరువైన గ్లైడర్ రెక్కలు తొడగడానికి ఏ సాధనం కొనాలి?

మన సంఘానికి వచ్చే విచారణలు మామూలుగా ఒకే తీరులో ఉంటాయి. ఒడియాలో ఇచ్చిన ధ్రువపత్రం ఆంధ్రాలో చెల్లుతుందా, బడిలో తెలుగు పంతులు ఖాళీ ఎప్పుడు నింపుతారు, ఉగాది పంచాంగ శ్రవణానికి హాలు కుదిరిందా, ఇలాంటివి. కానీ ఈమధ్య మన సభ్యులొకరి అమ్మాయి జర్మనీ నుంచి వాట్సాప్‌లో అడిగిన ప్రశ్న మాకు ఇంతవరకు ఎవరూ వేయనిది. "బాబాయ్ గారూ, గ్లైడర్ రెక్కలు ఎత్తి పట్టుకునే సాధనాలు నాలుగైదు రకాలు ఉన్నాయి. మా ముగ్గురికీ డబ్బు తక్కువ. ఏది కొనాలో తేలడం లేదు. మీరు స్టోర్స్‌లో పనిచేశారు కదా, కొంచెం చూసిపెట్టండి" అని.

ఆ అమ్మాయి అక్కడ చదువు ముగించి ఉద్యోగంలో చేరింది. విశ్వవిద్యాలయంలో ఉండగా అక్కడి విద్యార్థుల గ్లైడింగ్ క్లబ్బులో ఎగరడం నేర్చుకుంది. జర్మనీ సాంకేతిక విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి క్లబ్బులు నూరేళ్ల నుంచి ఉన్నాయి, వాటిని ఆకాఫ్లీగ్ అంటారు. ఇప్పుడు ఇద్దరు స్నేహితులతో కలిసి పాత రెండు సీట్ల గ్లైడర్ ఒకటి వాటాలకు కొన్నది. వేసవిలో అమ్మానాన్నలను రప్పించుకుంటోంది. మా మిత్రుడు, అంటే ఆ అమ్మాయి నాన్న, బరంపురంలో పది మందికీ గొప్పగా చెప్పుకొంటున్నాడు, "మా అమ్మాయి ఇంజన్ లేని విమానం నడుపుతుంది, నేను వెళ్లి రెక్క పట్టుకోవాలి" అని. ఆయనకు అరవై ఆరేళ్లు. హెర్నియా ఆపరేషన్ అయి ఏడాది కూడా కాలేదు. అందుకే ఈ విచారణను మేము సరదాగా తీసుకోలేదు.

మేము విమానం ఎక్కింది రెండుసార్లు, అదీ భువనేశ్వర్ నుంచి. గ్లైడర్ గురించి మాకున్న జ్ఞానం అంతంతమాత్రం. కానీ ముప్పై ఏళ్లకు పైగా కొనుగోలు ఫైళ్లు రాశాం. వస్తువు ఏదైనా కొనే ముందు అడగవలసిన ప్రశ్నలు దాదాపు ఒకటే. ఆ అమ్మాయి పంపిన మాన్యువల్, ఫోటోలు, అమ్మేవాళ్ల కాగితాలు చదివి, వీడియో కాల్‌లో ఆమె రెక్కలు తొడగడం రెండుసార్లు చూసి, మాకు అర్థమైనది ఇక్కడ పెడుతున్నాం. మన పిల్లలు దేశదేశాల్లో ఉన్నారు, ఇంకెవరికైనా పనికిరావచ్చు.

ముందుగా తెలియనివారికి రెండు మాటలు. గ్లైడర్‌కు ఇంజన్ ఉండదు, లేదా చిన్నది ఉంటుంది. వించ్‌తో తాడు లాగి గాని, మరో విమానం వెనక కట్టి గాని పైకి పంపుతారు. తర్వాత వేడిగాలి లేచే చోట తిరుగుతూ, మన ఊరి మీద గద్దలు తిరిగినట్టే, ఎత్తు సంపాదించుకుంటుంది. మన దేశంలో పూణే దగ్గర హడప్సర్‌లో ప్రభుత్వ గ్లైడింగ్ సెంటర్ ఉంది, కాన్పూరు ఐఐటీలోనూ గ్లైడర్లు ఎగిరాయి. మనవాళ్లు తయారుచేసిన గ్లైడర్లకు పెట్టిన పేర్లు వింటే ముచ్చటేస్తుంది: అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, మృగశిర, ఆర్ద్ర. నక్షత్రాల వరుస. 1961లో మొదటిసారి ఎగిరిన రోహిణి ఎందరికో మొదటి పాఠం చెప్పిన రెండు సీట్ల చెక్క గ్లైడర్. మన రంగెయిలుండ ఎయిర్‌స్ట్రిప్‌లో మాత్రం గ్లైడర్ ఎగరగా మేము చూడలేదు.

రెక్కలు ఎందుకు ఊడదీయాలి అని మొదట మేమూ అడిగాం. షెడ్డు ఉన్న క్లబ్బులో రెక్కలతోనే ఉంచుతారు. సొంత గ్లైడర్ ఉన్నవాళ్లకు అంత చోటు దొరకదు. పదిహేడు మీటర్ల పొడవు రెక్కలను ఎక్కడ పెడతారు? అందుకని పొడవాటి మూత ట్రైలర్‌లో బాడీని మధ్యన, రెక్కలను రెండు పక్కలా నిలబెట్టి, కారుకు తగిలించుకుని తిరుగుతారు. ఎగరబోయే రోజు పొద్దున బయటకు తీసి తొడగడం, సాయంత్రం విప్పి సర్దడం. పొలంలో దిగవలసి వస్తే అక్కడే విప్పి ఎక్కించుకుని రావాలి.

గోపాల్‌పూర్ ఒడ్డున మన నోలియాల తెప్పలు చూసినవారికి ఇది కొత్త కాదు. వేట నుంచి రాగానే తాళ్లు విప్పి, దుంగలను విడివిడిగా మోసుకెళ్లి ఇసుకలో ఆరబెట్టేవారు. మర్నాడు మళ్లీ వరస ప్రకారం పేర్చి కట్టేవారు. ఏ దుంగ ఎటు వైపుదో పిల్లలకు కూడా తెలుసు. ఇప్పుడు ఫైబర్ బోట్లు వచ్చి తెప్పలు తగ్గిపోయాయి గాని, ఆ పద్ధతి మా వయసు వారి కళ్లముందే ఉంది. రోజూ విప్పి రోజూ కట్టే వస్తువుతో వచ్చే కష్టం ఒక్కటే. బరువు మొయ్యడం సగం పని. మోసుకొచ్చిన దాన్ని సరిగ్గా ఆ చోట, ఆ ఎత్తులో, కదలకుండా పట్టుకోవడం మిగతా సగం. మా లెక్కలో రెండోదే ఎక్కువ కష్టం.

బరువు లెక్క

పదిహేను మీటర్ల ఒక సీటు గ్లైడర్‌లో ఒక్కో రెక్క సుమారు 60, 70 కిలోలు ఉంటుంది. రెండు సీట్ల వాటిలో వంద కిలోలు దాటినవి ఉన్నాయి. ఇరవై అయిదు మీటర్ల పెద్ద గ్లైడర్లు కూడా ఉన్నాయి, అంత పెద్ద రెక్కలను ముక్కలుగా చేస్తారు, అయినా లోపలి ముక్కే భారీగా ఉంటుంది. ఈ అమ్మాయి గ్లైడర్‌కు తూకం కాగితం ప్రకారం ఒక్కో రెక్క 110 కిలోలు.

ఇద్దరు పట్టుకుంటే చెరి 55 కిలోలు అనుకుంటాం కదా, అది తప్పు. రెక్క మొదట్లో లావుగా, కొనకు సన్నగా ఉంటుంది. బరువు మొదటివైపు ఉంటుంది. రెక్క పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, బరువు కేంద్రం మొదలు నుంచి 3.4 మీటర్ల దూరంలో ఉందనుకోండి. కొన దగ్గర నిలబడినవాడి మీద 44 కిలోలు, మొదలు పట్టినవాడి మీద 66 కిలోలు పడతాయి. కొన మనిషి చెయ్యి సౌకర్యం కోసం ఒకటిన్నర మీటరు లోపలికి జరిగితే అతని వాటా 53 దాటుతుంది. అంటే తేలిక అనుకుని ముసలివాళ్లను కొన దగ్గర పెట్టడం ఆచారం గాని, ఆ తేలిక కూడా సిమెంటు బస్తాకు దగ్గరదగ్గరే. పైగా వారు పట్టుకుని నడవడమే కాదు, లోపల వాళ్లు పిన్ను దూర్చే వరకు చేతులు కదపకుండా నిలబడాలి. "కొంచెం పైకి, కొంచెం కిందకి, ముందుకి" అంటుంటే అయిదు నిమిషాలు పది నిమిషాలు అవుతాయి.

బ్రిటన్‌లో పని భద్రత చూసే హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ వారి మార్గదర్శకంలో, మగవారికి నడుము ఎత్తులో, ఒంటికి దగ్గరగా పట్టుకున్న బరువు 25 కిలోలు, ఆడవారికి 16 కిలోలు. ఇది నిషేధం కాదు, దాటితే ఆగి ఆలోచించమని గీసిన గీత. అందులో ఇంకో మాట ఉంది, మాకు అది కళ్లు తెరిపించింది. ఇద్దరు కలిసి ఎత్తితే ఇద్దరి బలం మొత్తం కాదు, అందులో మూడింట రెండు వంతులే లెక్కకు తీసుకోవాలి. ముగ్గురైతే సగమే. ఎందుకంటే అడుగులు కలవవు, ఎత్తులు కలవవు, ఒకడు జారితే బరువంతా రెండోవాడి మీద పడుతుంది. ఆ లెక్కన ఇద్దరు మగవారికి 33 కిలోలు. ఇక్కడ ఉన్నది 110. మన దేశంలో కూడా 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ గాయపరిచేంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదని చెప్పింది. గ్లైడర్ క్లబ్బు ఫ్యాక్టరీ కాదు, ఆ చట్టం అక్కడికి వర్తించదు. కానీ నడుముకు ఆ తేడా తెలియదు.

నడుము సంగతి మాకు ఎందుకు తెలుసంటే, కొన్నేళ్ల కిందట మన సంఘం గ్రంథాలయం ఇనుప బీరువాను మేడ మీదికి ఎక్కించింది మేమే. కూలీలకు డబ్బు ఎందుకు, నలుగురం ఉన్నాం కదా అన్నది మా మాటే. మెట్ల మలుపులో ఒకరి చెయ్యి జారింది. మా పక్కన ఉన్న పెద్దాయన మూడు నెలలు మంచం మీద ఉన్నారు. పుస్తకాలతో సహా ఎత్తామని తర్వాత తెలిసింది. ఆ తప్పు మాది.

సాధనాలు, వాటి గుణదోషాలు

అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ముందు కొనవలసినది స్టాండు. ఎత్తు మార్చుకునే ముక్కాలి పీట లాంటిది, పైన మెత్తటి పట్టీ, తివాచీ ముక్క గాని ఫోమ్ గాని. మొదటి రెక్క తొడిగాక కొనవైపు దీని మీద ఆనించి, మనిషి చేతులు ఖాళీ చేసుకుని రెండో రెక్కకు వెళ్లవచ్చు. మంచి వడ్రంగి కొలతలు ఇస్తే చేసిపెడతాడు. చూడవలసినవి రెండే. కాళ్లు వెడల్పుగా ఉండాలి, గడ్డినేలలో దిగిపోకుండా కింద పలక ఉండాలి. రెక్క కింద స్టాండు ఎక్కడ పెట్టాలన్నది మన ఇష్టం కాదు, మాన్యువల్‌లో చెప్పిన చోటే. వెనక అంచున కదిలే భాగాల కింద పెడితే అవి నలిగిపోతాయి.

రెండోది పట్టీలు, చేతి పిడులు. రెక్క మొదట్లో స్పార్ అనే దూలం పొడుచుకు వచ్చి ఉంటుంది, అది రెక్కకు వెన్నెముక. మొదలు పట్టినవాడికి చెయ్యి నిలిచే చోటు సరిగా ఉండదు. కొన్ని గ్లైడర్లకు అక్కడ తగిలించే పిడి దొరుకుతుంది. భుజాలకు వేసుకునే పట్టీలూ ఉన్నాయి. వీటితో పట్టు బాగుంటుంది. బరువు మాత్రం ఒక్క కిలో కూడా తగ్గదు. మేము వీటిని ఉపకరణాలుగా రాశాం, సాధనాలుగా కాదు.

మూడోది అసలు విషయం, చక్రాల బండి. దీన్ని వింగ్ డాలీ అనో వన్ మ్యాన్ రిగ్గర్ అనో అంటారు. చక్రాల మీద నిలువు కమ్మీ, దాని పైన రెక్క ఆకారంలో వంపు తిరిగిన తొట్టి, తొట్టిని పైకీ కిందికీ నడిపే మర. రెక్కను ట్రైలర్ నుంచి లాగుతూ ఈ తొట్టిలో కూర్చోబెట్టి, పట్టీ బిగించి, నడిపించుకుంటూ బాడీ దగ్గరికి తెస్తారు. కొన దగ్గర మనిషి అక్కర్లేదు. మొదలు పట్టినవాడు ఒక్కడే నెట్టుకుంటూ దూరుస్తాడు.

ఈ బండిని రెక్క కింద ఎక్కడ పెట్టాలన్నదే దీని గుట్టు. సరిగ్గా బరువు కేంద్రం కింద పెడితే రెక్క తూగుడుబల్లలా ఊగుతుంది. లోపలికి జరిగితే కొన నేలకు కొట్టుకుంటుంది. కేంద్రానికి కొంచెం బయట పెట్టాలి. పైన చెప్పిన రెక్కకే, మొదలు నుంచి నాలుగు మీటర్ల దగ్గర బండి పెడితే, బండి మీద 93.5 కిలోలు, చేతిలో 16.5 కిలోలు. అరవై ఆరు కిలోలు మోసిన మనిషి ఇప్పుడు పదహారున్నర మోస్తున్నాడు. ఆ కొంచెం బరువు ఉండటమే మంచిది, రెక్క ఎటు పోతోందో చేతికి తెలుస్తుంది. ఒకసారి చోటు కుదిరాక అక్కడ చిన్న టేపు ముక్క అంటిస్తే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు.

మరలో తేడాలు ఉన్నాయి. స్క్రూ జాక్ నెమ్మది, కానీ వదిలేసినా అక్కడే నిలబడుతుంది. హైడ్రాలిక్ జాక్ చురుకు, పెడల్ తొక్కితే లేస్తుంది, అయితే సీలు పాతబడితే మనకు తెలియకుండా సన్నగా దిగిపోతుంటుంది. పిన్ను దూర్చే వేళ దిగడం మొదలుపెడితే గొడవే. బ్యాటరీతో, చేతిలో రిమోట్‌తో నడిచేవీ వచ్చాయి. వాటి లోపల కూడా స్క్రూయే తిరుగుతుంది కాబట్టి కరెంటు పోయినా నిలుస్తాయి. ఒంటరిగా రెక్కలు తొడిగేవాడికి రిమోట్ నిజంగా ఉపయోగం, ఎందుకంటే అతను ఉండేది మొదలు దగ్గర, మర తిప్పవలసింది నాలుగు మీటర్ల దూరంలో. మాకు మొదట అది జల్సా అనిపించింది. వీడియోలో ఆ అమ్మాయి మొదలు వదిలి బండి దగ్గరికి, మళ్లీ మొదలు దగ్గరికి ఏడుసార్లు తిరగడం చూశాక అభిప్రాయం మార్చుకున్నాం.

ఇంకో సంగతి. ట్రైలర్‌లో రెక్కలు ముందు అంచు కిందికి పెట్టి నిలువుగా ఉంటాయి. తొడిగేటప్పుడు పడుకోబెట్టాలి. ఆ తిప్పే పని మనుషులు చేస్తారా, బండి తొట్టే తిరుగుతుందా అన్నది అమ్మేవాడిని అడగాలి. తొట్టి తిరగని బండి కొని, తిప్పడానికి మళ్లీ ఇద్దరిని పిలిస్తే ఇచ్చిన డబ్బుకు అర్థం లేదు. తొట్టి కొంచెం వాలు కూడా తీసుకోవాలి, రెక్కలు బాడీకి కొంచెం పైకి వంగి కలుస్తాయి కాబట్టి.

నాలుగోది ట్రైలర్‌లోనే ఉండే ఏర్పాట్లు. జర్మనీలో కోబ్రా పేరుతో వచ్చే ట్రైలర్లకు రెక్క మొదలు పట్టాల మీద జారే చిన్న బండి, బాడీని పైకి లేపే ర్యాంపు ఉంటాయి. బాడీ ఎత్తు సరిగ్గా లేస్తే రెక్కను ఛాతీ దాకా ఎత్తే పని తప్పుతుంది. పాత ట్రైలర్ ఉన్నవారు కొత్త డాలీ మీద డబ్బు పెట్టే ముందు ఈ పట్టాలు బాగుచేయించుకోవడం మంచిదని మా అభిప్రాయం. ఈ అమ్మాయి ట్రైలర్‌లో ఒక పట్టా వంగి ఉంది. రెక్క అక్కడ తట్టుకుంటే విసురుగా లాగేవారట. వారి నడుం నొప్పుల్లో సగం ఆ ఒక్క వంపు వల్లే.

కంపారిటివ్ స్టేట్‌మెంట్

మేము పాత అలవాటు ప్రకారం గీతలు కొట్టి పట్టిక వేశాం. వరుసలో అమ్మేవారు, నిలువులో ప్రశ్నలు. ధర చివరి గడిలో పెట్టాం. ముందే ధర చూసినవాడు తర్వాత ఏమీ చూడడు, ఇది స్టోర్స్‌లో మొదటి రోజు నేర్చుకున్నది.

మొదటి ప్రశ్న, ఎందరు ఉంటారు? క్లబ్బులో పది మంది ఉన్న ఆదివారం నాటి లెక్క వేసుకోకూడదు. బుధవారం సాయంత్రం, వాన మబ్బు వస్తుండగా, అందరూ ఇళ్లకు పోయాక ఇద్దరే మిగిలి రెక్కలు విప్పవలసి వస్తుంది. సాధనం ఆ రోజు కోసం. వాళ్ల ముగ్గురిలో ఒకరికి రాత్రి డ్యూటీలు, ఇంకొకరు బిడ్డ తల్లి. కాబట్టి ఇద్దరు, కొన్నిసార్లు ఒకరు అని రాశాం.

రెండోది, నేల. సిమెంటు చప్టా మీద చిన్న గట్టి చక్రాలు చాలు. వాళ్లది గడ్డి మైదానం, ఎలుక బొరియలు కూడా ఉన్నాయట. చిన్న చక్రం బొరియలో దిగితే వంద కిలోల రెక్క పక్కకు ఒరుగుతుంది. గాలి నింపిన పెద్ద చక్రాలు, వెడల్పు కాళ్లు, బ్రేకు లేదా చక్రం కింద పెట్టే చెక్క ముక్క ఉండాలి. ఏటవాలు నేల అయితే బ్రేకు లేని బండి వద్దే వద్దు.

మూడోది, ఎత్తు. తొట్టి ఎంత కిందికి దిగుతుంది, ఎంత పైకి లేస్తుంది? ట్రైలర్ లోంచి వచ్చేటప్పటి ఎత్తు ఒకటి, బాడీలో దూరేటప్పటి ఎత్తు ఇంకొకటి. టేపు పెట్టి రెండూ కొలిచి పంపమన్నాం. ఆ కొలతలతో ఒక కంపెనీ బండి దానంతట అదే పోయింది, అయిదు సెంటీమీటర్లు చాలలేదు. అందరికన్నా అందమైన బొమ్మ వేసింది వాళ్లే.

నాలుగోది, తొట్టి ఆ రెక్క ఒంపుకు సరిపోతుందా. అన్ని గ్లైడర్లకూ సరిపోతుంది అని రాసినవి దేనికీ సరిగా సరిపోవు, చీర కొన్నవారికి చెప్పనక్కర్లేదు రెడీమేడ్ జాకెట్టు సంగతి. రెక్క పైతోలు గీతపడకూడదు, తొట్టిలో ఇసుక రేణువు ఉన్నా గీత పడుతుంది.

తర్వాతవి తొందరగా చెబుతాం. బండి బరువు ఎంత, అది మడిచి ట్రైలర్‌లోనే పడుతుందా? పొలంలో దిగినప్పుడు ఇంటి దగ్గర వదిలిన బండి ఏం లాభం. విడిభాగాలు దొరుకుతాయా. ఎంత బరువుకు ధ్రువీకరించారో కాగితం మీద ఉందా. పాత బండి అయితే వెల్డింగులు చూడాలి, మర గరిటె తిప్పినట్టు వదులుగా తిరుగుతుంటే వద్దనాలి.

బండి చేయలేని పనులు

ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ బండి వల్ల ఒక కొత్త ప్రమాదం కూడా వస్తుంది. నలుగురు మోసినప్పుడు నలుగురి కళ్లు ఉండేవి. ఒకడు ఏదైనా మరిచిపోతే ఇంకొకడు అడిగేవాడు. ఒంటరిగా తొడిగినవాడికి అడిగేవారు ఉండరు.

రెక్కలు కలిపాక స్పార్లకు ముఖ్యమైన పిన్నులు పడాలి, వాటికి తాళం పిన్నులు పడాలి. రెక్కల్లోని కదిలే భాగాలను కాక్‌పిట్‌లోని కర్రకు కలిపే కడ్డీలు ఉంటాయి. కొత్త గ్లైడర్లలో రెక్క దూరగానే అవి వాటంతట అవే కలుస్తాయి. పాతవాటిలో గుండు, గిన్నె లాంటి లోటెలియే కలయికలు ఉంటాయి, చేతితో నొక్కి కలిపి తాళం పిన్ను వేయాలి. చూడటానికి కలిసినట్టే ఉండి కలవకపోవడం జరుగుతుంది. తోక రెక్క కలపకుండానే పైకి లేచిన సందర్భాలు ప్రపంచంలో ఒకటి కాదు, ప్రాణాలు పోయాయి. అందుకని తొడిగిన తర్వాత ఒకరు బయట రెక్క కదిలే భాగాన్ని చేత్తో గట్టిగా పట్టుకుంటే, ఇంకొకరు లోపల కర్ర కదిపి చూస్తారు. బిగుతుగా ఎదురు తగలాలి. ఊరికే కర్ర కదిపితే భాగం కదిలింది అని సరిపెట్టుకోకూడదు, వదులుగా ఆనుకున్నది కూడా కదులుతుంది. ఈ పనికి ఇద్దరు కావాలి. ఎంత ఖరీదైన బండి కొన్నా ఇది ఇద్దరి పనే.

వేళ్ల సంగతి. పిన్ను కన్నాలు ఎదురెదురుగా వచ్చాయా అని వేలు పెట్టి చూడటం మనిషి సహజ గుణం. ఆ క్షణంలో కొన మనిషి తుమ్మితే వేలు తెగుతుంది. టార్చి వేసి చూడాలి, లేదా మొన సన్నగా ఉన్న కడ్డీ పెట్టి చూడాలి. పిన్ను దూరకపోతే సుత్తి పట్టుకోకూడదు. దూరలేదంటే ఎత్తో వాలో వెంట్రుకవాసి తేడా ఉందని అర్థం, మర తిప్పి సరిచేయాలి. మరకు డబ్బు ఇచ్చేది అందుకే.

గాలి సంగతి కూడా. రెక్క అనేది గాలిలో లేవడానికి చేసిన వస్తువు, నేల మీద ఉన్నా దాని బుద్ధి అదే. ఒక్క విసురు గాలి వస్తే తొట్టిలోంచి లేస్తుంది. పట్టీ బిగించాలి, ట్రైలర్‌ను గాలికి చాటుగా పెట్టుకోవాలి, గాలి ఎక్కువైతే బండిని నమ్మకుండా మనుషుల కోసం ఆగాలి. నీటి ట్యాంకులు ఉన్న రెక్కలైతే చుక్క లేకుండా ఖాళీ చేశాకే విప్పాలి.

చివరికి, మాట చెప్పేవాడు ఒక్కడే ఉండాలి. తెప్ప దుంగ ఎత్తేటప్పుడు ఒకడు పాట అందుకుంటే మిగతావారు అడుగు కలిపేవారు. పాట పాడేవాడు ఇద్దరుంటే దుంగ కాలి మీద పడేది. గ్లైడర్‌కు మొదలు దగ్గర ఉన్నవాడే చెప్పాలి, ఎందుకంటే కన్నం కనిపించేది అతనికే. మిగతావారు సలహాలు ఇవ్వకూడదు. మనవాళ్లకు ఇది కొంచెం కష్టం.

ఏం కొన్నారంటే

మేము రాసిన సిఫారసు ఇది. ముందు వంగిన పట్టా బాగుచేయించండి. తర్వాత గట్టి స్టాండ్లు రెండు, అక్కడి వర్క్‌షాపులో మీరే చేసుకోండి. మిగిలిన డబ్బుతో గాలి చక్రాలు, తిరిగే తొట్టి, స్క్రూ జాక్ ఉన్న పాత బండి చూడండి. బ్యాటరీ మోటారు తర్వాత తగిలించుకునే వీలుంటే మరీ మంచిది. కొత్త హైడ్రాలిక్ బండి చవకగా వస్తోందని ఒక స్నేహితుడు పట్టుబట్టాడట. ధర చూస్తే అతనిదే గెలుపు. కానీ దాని చక్రాలు అరచేతి అంత ఉన్నాయి, వాళ్ల మైదానంలో ఎలుకలు ఉన్నాయి. మేము ఒప్పుకోలేదు.

పట్టా సరిచేయడానికి ఒక శనివారం పట్టింది. పాత బండి పక్క ఊరి క్లబ్బులో దొరికింది. మొదటిసారి వాడినప్పుడు ముగ్గురూ కలిసి గంటన్నర తీసుకున్నారు, బండి లేకుండా నలభై నిమిషాలు పట్టేది. ఆ రాత్రి ఫోనులో అమ్మాయి గొంతు బాగోలేదు, డబ్బు పారేసుకున్నామా బాబాయ్ గారూ అంది. టేపు గుర్తు అంటించారా అని అడిగాం. లేదు. నాలుగోసారికి అరగంటలోకి వచ్చింది, అదీ ఇద్దరితో.

మా మిత్రుడు వచ్చే నెల బయలుదేరుతున్నాడు. రెక్క పట్టుకోనివ్వరని తెలిసి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. ఆయనకు వేరే పని కేటాయించారు. తాళం పిన్నులన్నీ ఒక డబ్బాలో ఉంటాయి, విప్పినప్పుడు లెక్కపెట్టి అందులో వేయాలి, తొడిగేటప్పుడు ఒక్కొక్కటి అందిస్తూ జాబితా పైకి చదవాలి, చివరికి డబ్బా ఖాళీ అయిందో లేదో చూపించాలి. డబ్బా కూడా ఆయనే ఇక్కడి నుంచి తీసుకెళ్తున్నాడు, బరంపురం అప్పడాలు పెట్టి ఇచ్చిన రేకు డబ్బా. అప్పడాలు అయిపోయాకే పిన్నులు వేయమని చెప్పాం.